గట్టు దాకా

ముక్కు లేని పడవ అది.
ముందు నిలువుగా ఒక ఇనప తలుపు, అంతే.
అలను చీల్చదు, చెంపదెబ్బ కొడుతుంది.
ప్రతి దెబ్బకీ పొద్దున తాగిన టీ
గొంతు దాకా వచ్చి, ఆలోచించుకుని, వెనక్కి పోతుంది.

యుద్ధం అయిపోయాక వేలంలో కొన్నాడు తొర్మోద్,
రెండు ఆవులూ వాళ్ళ నాన్న మగ్గమూ అమ్మి.
ట్యాంకు నిలబడ్డ చోట గొర్రెల్ని ఎక్కించాడు.
మా హెబ్రిడీస్‌లో మే నెల వస్తే
మనిషి లేని తిప్పల మీద మందల్ని మేతకు దించి రావాలి,
చలిగాలి మళ్ళక ముందే తిరిగి తేవాలి.
నాకు పదమూడేళ్ళు. తలుపు గొలుసు దగ్గర నా కాపలా.

ఎంత తారు పూసినా పక్క రేకు మీద
పాత నంబరు నాలుగంకెలూ ఎండకి చెమటలా పైకొచ్చేవి.
నడుమెత్తున మూడు చిల్లులు, చెక్క బిరడాలు కొట్టినవి.
"ఇవేంటి?" అంటే
"గాలికి" అన్నాడు.

తొలిరోజే చెప్పాడు:
"తలుపు దించాక నువ్వు ఎటన్నా గెంతు.
నేను మాత్రం చక్రం వదలకూడదు.
ఇసుకలోకి నెడుతూనే ఉండాలి.
వదిలానా, అల తోక పట్టుకుని అడ్డం తిప్పేస్తుంది."
నడిపేవాడు అందరికన్నా వెనక నిలబడతాడు.
ఒడ్డు చేరుస్తాడు,
ఒడ్డున కాలు పెట్టడు.

తలుపు నీళ్ళలో పడగానే ముందున్న పొట్టేలు
నాలుగు కాళ్ళూ బిగబట్టి, తల వెనక్కి తిప్పి
మా వంకే చూసేది.
మా కుక్క ఫ్రోఖ్ మడమలు కొరికినా కదిలేది కాదు.
నేను కర్ర ఎత్తితే అరిచాడు తొర్మోద్,
ఎన్నడూ అరవని మనిషి:
"ఉండనీ. వెనక్కి చూడనీ దాన్ని.
ఎంతసేపు కావాలంటే అంతసేపు చూసుకోనీ."
ఆటు మొదలైంది. డీజిలు ఖర్చవుతోంది.
అరగంట నిలబడ్డాం,
ఒక పొట్టేలు మనసు మార్చుకునేదాకా.

ఊళ్ళో ఆయన మీద ఒకటే ఫిర్యాదు.
చర్చికి ఎంత ఆలస్యంగా వచ్చినా
వెనక ఖాళీ బల్లలు వదిలేసి
బూట్లు టకటకలాడించుకుంటూ పోయి
మొదటి బల్ల మీదే కూచుంటాడని.
"పొగరు" అనేది మా అమ్మమ్మ,
కీర్తన మధ్య ఊపిరి తీసుకునే సందున.

ఆయన భార్య ఐరిక్ చెప్పింది చాలా ఏళ్ళకి,
ఉన్ని దువ్వుతూ, నా మొహం చూడకుండా.
"ఆ పొద్దు అరవై మందిని దించాడు.
ఒక్కడి మొహమూ తెలీదు.
ముందు రోజు వాళ్ళలో మంగలిపని వచ్చినవాడెవడో
అందరికీ క్రాపు చేశాట్ట.
తెల్లగా, అప్పుడే తొక్క తీసిన బంగాళాదుంపల్లా మెడలు.
ఒకడి సంచీకి చెంచా వేలాడుతోందట.
ఒకడి చెవి వెనక సబ్బు నురగ కడుక్కోకుండానే ఎండిపోయిందట.
'దించు' అన్నది ఈయనే."
దువ్వెన ఆపింది.
"చర్చిలో వెనక కూచుంటే అన్నీ మెడలేగా."

ఏరు దాటాక తెప్ప తగలేస్తారంటారు.
ఆ పొద్దు తెప్పే మిగిలింది.
"గట్టెక్కించావు కదా వాళ్ళని" అన్నానోసారి,
ఏదో ఒకటి అనాలి కాబట్టి.
"గట్టు దాకా తెచ్చాను" అన్నాడు.
బిరడా ఒకటి వదులైతే బొటనవేలితో నొక్కుతూ
ఇంకేం మాట్లాడలేదు.

ఒక ఫిబ్రవరిలో పోయాడు.
వాళ్ళ పెద్దల సమాధులు తిప్ప మీద.
అదే పడవ. తలుపు రెండుసార్లు మార్చాం, ఇంజను ఒకసారి.
గొలుసు దగ్గర నా కూతురు షోనగ్,
చక్రం నా చేతిలో.
ఆరుగురు పెట్టెను భుజాలకెత్తుకుని తలుపు వైపు తిరిగారు.
చావుకి వెళ్ళాలని
అందరూ కొత్తగా క్రాపు చేయించుకుని వచ్చారు.

అడుగు ఇసుకకి తగిలింది.
"దించనా నాన్నా?" అంది.
ఇంజను నెడుతూనే ఉంది.
"ఉండు" అన్నాను.